మా ఇంటి వాసన

మా ఊరు గోనెగండ్ల. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు ఎక్కితే దారిలో వస్తుంది. ఈ పేరు చెప్తే మన కాలేజీలో చాలామంది "ఎక్కడా?" అంటారు. అందుకే "మంత్రాలయం తెలుసు కదా, ఆ సైడు" అని చెప్పి తప్పించుకోవడం నాకు ఫస్టియర్ నుంచి అలవాటు. హంద్రీ నది మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు, అదే సంజీవయ్య సాగర్, మాకు దగ్గరే అని చెప్పినా పెద్దగా ఎవరికీ వెలగదు.

పోయిన సంక్రాంతికి నా రూమ్మేట్లు ఇద్దరు మా ఇంటికి వస్తామన్నారు. ఒకమ్మాయిది విజయవాడ, ఇంకొకమ్మాయిది వైజాగ్. మంత్రాలయం, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర చూడాలని వాళ్ళ ప్లాను. నేను పైకి "రండి రండి" అన్నాను గానీ లోపల ఒకటే భయం. మా ఇల్లు వాసన వస్తుంది.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు ఆ వాసన నాకు తెలిసేది కాదు. హాస్టల్‌కి వచ్చి రెండు నెలల తర్వాత మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మంలోనే తెలిసింది. జనవరిలో మా ముందు గదిలో సగానికి పత్తి కుప్ప ఉంటుంది. ఆదోని మార్కెట్లో రేటు పెరిగేదాకా నాన్న అమ్మడు. పత్తి పక్కన బుడ్డల సంచులు. బయట రేకుల కింద ఎనుము, దాని పేడ, గడ్డి. స్నానాల నీళ్ళకు పత్తికట్టె మంట. వీటన్నిటి కింద ఇంకో వాసన ఉంటుంది, మధ్య గది కిటికీ పక్కన ఉన్న మురుగు కాల్వది. అవ్వ దాన్ని సూటిగా "గబ్బు" అంటుంది. నేను ఇంగ్లీష్ మీడియం కాబట్టి "స్మెల్" అంటాను, అంతే తేడా.

వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు కర్నూలులో దిగి, ఒక సూపర్ మార్కెట్లో మూడు కొన్నాను. ప్లగ్గులో పెట్టే రూమ్ ఫ్రెషనర్ ఒకటి, స్ప్రే ఒకటి, బాత్రూంలో పెట్టే గులాబీ రంగు జెల్ ఒకటి. ట్యూషన్ చెప్పి సంపాదించిన డబ్బులు. ఇంటికి వెళ్ళగానే ప్లగ్గుది మధ్య గదిలో పెట్టాను. మధ్య గది అంటే ఇంట్లో కొత్తగా కట్టిన గది, స్లాబు వేసింది. అన్న, వదిన, వాళ్ళ కొడుకు పడుకునేది అందులోనే. మేనల్లుడికి అప్పుడు రెండున్నర ఏళ్ళు. వాడి పేరు ఇక్కడ రాయను, ఇంట్లో అందరూ పిలిచినట్టే చిన్నోడు అంటాను.

ఫ్రెండ్స్ వచ్చారు, ఉగ్గాని బజ్జీ తిన్నారు, జాతరకు వెళ్ళారు. మొదటి రాత్రి మధ్య గదిలో పడుకున్న వైజాగ్ అమ్మాయి అర్ధరాత్రి లేచి "తల నొప్పిగా ఉందే, మిద్దె మీద పడుకుందామా" అంది. జనవరి చలిలో ముగ్గురం దుప్పట్లు మోసుకొని పైకి వెళ్ళాం. బస్సు ప్రయాణం వల్ల అనుకున్నాను. గదిలో లావెండర్ వాసన ఎంత ఘాటుగా ఉందో నాకే తెలుస్తూ ఉంది, అయినా అది నేను డబ్బులు పెట్టి కొన్న వాసన. దానివల్ల ఎవరికైనా తల నొప్పి వస్తుందని ఎలా అనుకుంటాను?

సెలవులు అయిపోయాయి, మేము వచ్చేశాం. వదినకు ఆ మెషీన్ చాలా నచ్చింది. సీసా అయిపోతే అన్నతో ఎమ్మిగనూరు నుంచి ఇంకోటి తెప్పించింది. "మీ మేనల్లుడు నీ గిఫ్ట్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాన్నాడు" అని వీడియో కూడా పంపింది. దానికి నేను మూడు హార్ట్‌లు పెట్టాను. ఆ వీడియో ఇంకా ఫోన్‌లో ఉంది.

ఫిబ్రవరి మొదట్లో చిన్నోడికి రాత్రిపూట దగ్గు మొదలైంది. పగలు బాగానే ఆడుకుంటాడు, పడుకున్న గంటకు మొదలవుతుంది. సిరప్పులు మార్చారు. అవ్వ వాము కాల్చి మూట కట్టింది, ఛాతీకి కర్పూరం నూనె రాసింది. ఒక రాత్రి వాడి రొమ్ములో పిల్లికూతలు మొదలై, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతుంటే అన్న బైక్ మీద ఆదోనికి తీసుకెళ్ళాడు. వెనకాల వదిన, ఒళ్ళో చిన్నోడు, రాత్రి ఒంటిగంట. నాకు తెల్లారాక చెప్పారు. నాకు ఆ రోజు డేటా స్ట్రక్చర్స్ ఇంటర్నల్ ఉంది, అందుకని ఫోన్ చేయలేదట.

అక్కడ పిల్లల డాక్టర్ గారు నెబులైజర్ పెట్టి, వాడు కుదుటపడ్డాక ప్రశ్నలు మొదలుపెట్టారు. వదిన నాకు ఆ సంభాషణ ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతారా? లేదు సార్. కట్టెల పొయ్యి? స్నానాల నీళ్ళకు మాత్రం సార్. దోమల చక్రం? రోజూ ఒకటి సార్. అగరబత్తి? పూజకు సార్. బట్టల్లో కలరా ఉండలు? ఉన్నాయి సార్. గదికి కిటికీ తీస్తారా? దోమలు సార్, తీయం. ఇంకేమైనా వాసన వచ్చేవి? అప్పుడు వదిన కాస్త గర్వంగానే చెప్పిందట, "మా ఆడబిడ్డ మంచి సెంటు మెషీన్ తెచ్చింది సార్, రాత్రంతా పెడతాము" అని.

ఆయన తిట్టలేదట. పేపర్ మీద రాసి ఇచ్చారు: చక్రం, బత్తి, ఉండలు, సెంటు అన్నీ బంద్, కిటికీ తీయాలి, మూడు వారాల తర్వాత రావాలి. దాంతోపాటు ఒక ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్, మాస్క్. ఐదేళ్ళ లోపు పిల్లలకు వెంటనే ఆస్తమా అని పేరు పెట్టలేమని, జలుబుతో వచ్చే పిల్లికూతలు చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతాయని కూడా చెప్పారట. నాన్న ఆ మాటలేవీ వినలేదు. "పంపు పెట్టినారంటే జీవితాంతం పంపే" అన్నాడు. ఇన్‌హేలర్ అంటే మా సైడు ఆఖరి స్టేజీలో వాడేదని ఒక నమ్మకం. నిజానికి మందు నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది కాబట్టి సిరప్‌లో కంటే చాలా తక్కువ డోసు సరిపోతుంది. ఇది నాన్నకు ఫోన్‌లో చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చిన్నోడు మాత్రం స్పేసర్‌ని ఏనుగు తొండం అని పిలుస్తూ రెండో రోజుకే అలవాటుపడిపోయాడు.

ఆ వారం నేను క్లాసులో కూర్చున్నానే గానీ ఏమీ వినలేదు. రాత్రుళ్ళు పేపర్లు చదివాను. మనకు లైబ్రరీ లాగిన్ ఉంది కదా, ప్రాజెక్టు రిపోర్టులకు తప్ప దేనికీ వాడం. చదివినంతలో నాకు అర్థమైంది చెప్తాను.

మొదటిది, ఎయిర్ ఫ్రెషనర్ గాలిని ఫ్రెష్ చేయదు. మనం తీసేయాలనుకున్న వాసన అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. నిమ్మ వాసనకు లిమోనిన్, పైన్ చెట్టు వాసనకు పైనీన్, లావెండర్‌కు లినలూల్. ఇవి గది వేడికే ఆవిరయ్యే రసాయనాలు. అవి ఒక్కటే ఉంటే కథ వేరు. బయటి గాలితో లోపలికి వచ్చే ఓజోన్‌తో కలిసినప్పుడు లిమోనిన్ లాంటివి ఫార్మాల్డిహైడ్‌గానూ, కంటికి కనిపించని సన్న రేణువులుగానూ మారతాయి. ఫార్మాల్డిహైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. గదిలో తయారయ్యేది కొంచెమే కావచ్చు. కానీ మూసిన గదిలో, రాత్రంతా, రోజూ.

రెండోది, డబ్బా మీద ఏముందో రాయరు. నేను కొన్నదాని వెనక చూస్తే "పర్ఫ్యూమ్" అని ఒక్క మాట ఉంది. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా అంతకంటే ఎక్కువ రాస్తారు. అమెరికాలో యాన్ స్టైన్‌మన్ అనే పరిశోధకురాలు 2011లో సువాసన కలిపిన 25 వస్తువుల్ని పరీక్షిస్తే 133 రకాల ఆవిరి రసాయనాలు బయటపడ్డాయి. వాటిలో 24 అక్కడి చట్టాల ప్రకారమే హానికరమైనవి. అంతకుముందు 2007లో ఎన్‌ఆర్‌డీసీ అనే సంస్థ 14 ఎయిర్ ఫ్రెషనర్లు తీసుకొని చూస్తే 12 వాటిలో థాలేట్లు ఉన్నాయి. ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి వాడే ఈ రసాయనాలే సెంటు త్వరగా ఎగిరిపోకుండా కూడా పట్టి ఉంచుతాయి. శరీరంలో హార్మోన్ల పనిలో వేలు పెడతాయని వీటి మీద అనుమానం.

మూడోది పిల్లల గురించి. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991, 92 ప్రాంతంలో దాదాపు 14,000 మంది గర్భిణుల్ని చేర్చుకొని, వాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. ఆ వివరాలతో 2003లో వచ్చిన పేపర్‌లో, ఎయిర్ ఫ్రెషనర్లు ఎక్కువగా వాడే ఇళ్ళల్లో పసిపిల్లలకు విరేచనాలు, చెవిపోటు ఎక్కువగా కనిపించాయని, తల్లులకు తలనొప్పి ఎక్కువని రాశారు. ఇది చదివినప్పుడు వైజాగ్ అమ్మాయి గుర్తొచ్చింది. అయితే ఇది సంబంధం మాత్రమే, కారణం అని తేలినట్టు కాదు. మన ప్రాబబిలిటీ సార్ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసిన ఆ తేడా నాకు ఇప్పుడు అర్థమైంది.

పిల్లలకే ఎందుకు ఎక్కువ అంటే, వాళ్ళు చిన్న సైజు పెద్దవాళ్ళు కాదు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ళ గాలి గొట్టాలు సన్నం, కొంచెం వాచినా దారి మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు పుట్టిన తర్వాత కూడా కొన్నేళ్ళపాటు కొత్తవి ఏర్పడుతూనే ఉంటాయి. పైగా నేల మీద పాకుతారు, ప్లగ్గు వాళ్ళ ముక్కు ఎత్తులోనే ఉంటుంది. ఆ గులాబీ జెల్‌ని చిన్నోడు జెల్లీ అనుకొని వేలితో తీశాడని, నోట్లో పెట్టుకునేలోపు చూశామని వదిన తర్వాత ఎప్పుడో మామూలుగా చెప్పింది. నాకు చేతులు చల్లబడ్డాయి.

ఇంత చదివి నేను ఎయిర్ ఫ్రెషనర్ మీద కేసు తేల్చేశాను. శిక్ష నాకే. ఉగాదికి ఇంటికి వెళ్ళి అవ్వ కాళ్ళ దగ్గర కూర్చొని "నావల్లే అవ్వా" అని ఏడ్చాను కూడా. అవ్వ చాటలో బుడ్డలు చెరుగుతూ ఉంది. చెరగడం ఆపలేదు.

"నీ ఒక్కదానివల్లనే అయితే మేలే కదా మే. చక్రం ఎవురు పెడతాండ్రి? నేను. వాని తలకు సాంబ్రాణి ఎవురు పట్టిరి? నేను. మీ అన్న మిల్లు నుంచి తెచ్చే దూది దుమ్ము ఎవురిది? ఊరికే ఏడ్చేది కాదు, లెక్క పెట్టు."

అవ్వ సంతకం కూడా పెట్టలేదు జీవితంలో, వేలిముద్రే. నాకు డీబగ్గింగ్ నేర్పింది ఆమే.

ఇద్దరం ఇల్లంతా తిరిగి లెక్క పెట్టాం. ఫ్రెషనర్ ఎలాగూ పోయింది. దోమల చక్రం: ఒక్క చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్న రేణువులు, అంటే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో ఒక పేపర్ వచ్చింది. చైనా, మలేషియా చక్రాల మీద చేశారు. మా ఇంట్లో ఎవరూ సిగరెట్ తాగరని వదిన డాక్టర్‌కి చెప్పింది, నిజమే చెప్పింది. కలరా ఉండలు: బీరువాలో తొమ్మిది. వీటిలో ఉండే నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టి కామెర్లు తెస్తుంది. ఆ బీరువాలోంచి తీసిన బట్టల్లో చుట్టినా పసిపిల్లలకు ప్రమాదమే. మిఠాయిలా తెల్లగా ఉంటాయి, నోట్లో పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. కర్పూరం బిళ్ళలు: వాసనకు బాత్రూంలో పెట్టినవి. మింగితే చిన్నపిల్లలకు ఫిట్స్ వస్తాయి. "సహజమైనది" అని సోషల్ మీడియాలో చెప్తుంటారు కదా, సహజమైనదే. అగరబత్తి, ధూపం సరేసరి. పత్తికట్టె పొయ్యి.

పొయ్యి దగ్గర కాస్త ఆగాను. చదివినదాంట్లో అన్నిటికంటే పెద్ద అంకె దీనిదే. కట్టెలు, పిడకలు, బొగ్గులు, కిరోసిన్‌తో వంట చేసే ఇళ్ళ పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని, అందులో ఐదేళ్ళ లోపు పిల్లలు 2,37,000 పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా అమ్మకు దీపం పథకంలో గ్యాస్ రాకముందు అవ్వ వంటంతా కట్టెల మీదే. ఆ పొగ ముందు నా లావెండర్ ఎంత?

ఇది అడిగితే అవ్వ పాత మిద్దెలోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. మా సైడు మట్టి మిద్దెలు చూడనివాళ్ళకు: పైకప్పులో ఒక రంధ్రం ఉంటుంది, గవాక్షి అంటారు, మేము గవాచి అంటాం. వెలుతురు దాంట్లోంచి దిగుతుంది, పొగ దాంట్లోంచి పోతుంది. వానొస్తే పైకెక్కి మూయాలి, అది మా నాన్న చిన్నప్పటి డ్యూటీ.

"పొగ ఉండె, లేదనను. నా కండ్లు పోయింది దానివల్లనే. కానీ అది పైకి పోతాండె. మీరు ఏం కట్టినారు? పెట్టె కట్టినారు. పెట్టెలో పిల్లోన్ని పెట్టి మూత వేసినారు."

అవ్వ మాట పూర్తిగా ఒప్పుకోను. గవాచి ఉన్నంత మాత్రాన కట్టెల పొగ మంచిది అయిపోదు, ఆమె కళ్ళు, ఆమె దగ్గు దానికి సాక్ష్యం. కానీ మధ్య గది పెట్టె అన్నది నిజం. ఒకే కిటికీ. అది కూడా తీయం. ఎందుకు తీయం? దోమలు. దోమలు ఎందుకు? కిటికీ కింద కాల్వలో నీళ్ళు కదలవు. ఎందుకు కదలవు?

ఇక్కడ నేనూ అవ్వా బయటికి వచ్చి చూశాం. కొత్త గది కట్టినప్పుడు బైక్ లోపలికి ఎక్కడానికి నాన్న కాల్వ మీద సిమెంటుతో ర్యాంపు పోయించాడు. కింద చిన్న పైపు పెట్టారు. అది ఎప్పుడో పూడిపోయింది. ర్యాంపుకు అటువైపు కాల్వ పొడిగా ఉంది. ఇటువైపు, మా కిటికీ కింద, నల్లగా మడుగు.

అంటే ర్యాంపువల్ల మడుగు, మడుగువల్ల గబ్బు, దోమలు. దోమలకు చక్రం, కిటికీ మూత. మూసినందుకు లోపల వాసన, ఆ వాసనకు సిగ్గుపడి నేను, నా సెంటు. వరుసలో అందరికంటే చివర వచ్చినదాన్ని నేను, మొదట ఏడ్చిందీ నేనే.

నాన్నకు చెప్పడం కష్టమైంది. ర్యాంపు పగలగొట్టమంటే "వేలు పోసి కట్టింది" అన్నాడు. ఆయన నన్ను ఇంజనీరింగ్ చదివిస్తున్నది ర్యాంపులు పగలగొట్టించడానికి కాదు కదా. నేను వాదించలేదు. పిల్లోడి ఆదోని ఆస్పత్రి బిల్లు వదిన టీవీ కింద పెట్టి ఉంది, దాన్ని తీసి ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాను. ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం అన్నను పిలిచి గడ్డపార తీశాడు. పగిలాక రెండు రోజులు వీధి వీధంతా కంపు, పక్కింటి పెద్దమ్మ ముక్కు మూసుకొని మమ్మల్ని తిట్టింది. తర్వాత నీళ్ళు నడిచాయి. ఇప్పుడు ర్యాంపు స్థానంలో రెండు నాపరాతి బండలు ఉన్నాయి, నెలకోసారి ఎత్తి పూడిక తీయొచ్చు. కిటికీకి జాలీ కొట్టించారు. పొయ్యి పెరట్లో ఇంకా దూరానికి జరిగింది. అన్న మిల్లు బట్టలు బయటే విప్పి, స్నానం చేసి లోపలికి వస్తున్నాడు. పత్తి దుమ్ముతో మిల్లు కార్మికులకు బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని నేను చెప్పాక వాడే భయపడి మాస్క్ కొన్నాడు, ఎన్ని రోజులు పెట్టుకుంటాడో చూడాలి.

చిన్నోడికి దగ్గు తగ్గింది. ఏప్రిల్‌లో ఒకసారి జలుబు చేసినప్పుడు మళ్ళీ పిల్లికూతలు వచ్చాయి, ఏనుగు తొండంతో ఇంట్లోనే సర్దుకుంది. ఏ మార్పువల్ల తగ్గిందో నాకు తెలీదు. అన్నీ ఒకేసారి మార్చేశాం, పైగా చలికాలం పోయింది, పత్తి అమ్ముడుపోయింది. ల్యాబ్‌లో ఇలా చేస్తే సార్ మార్కులు కోసేవాడు. ఒక్కోటి మళ్ళీ పెట్టి చూద్దామా అంటే, వాడు మా వదిన కొడుకు, టెస్ట్ కేస్ కాదు.

సాంబ్రాణి ఒక్కదాని దగ్గర అవ్వకూ నాకూ ఇంకా తెగలేదు. పిల్లలకు తలంటితే సాంబ్రాణి పట్టాల్సిందే అంటుంది. ఇప్పటికి కుదిరిన ఒప్పందం ఏంటంటే, పొగ పెరట్లో, చిన్నోడు లోపల. పొగ ఎవరికి పడుతున్నావవ్వా అంటే "ఎనుముకు" అంటుంది.

మొన్న వదిన ఫోన్ చేసింది. వానలు మొదలయ్యాయి, జాలీ ఉన్నా తలుపులోంచి దోమలు వస్తున్నాయంట. "చక్రం పెట్టలేదు పాపా, ఒట్టు" అంది నేను అడక్కముందే. ఈసారి వచ్చేటప్పుడు సెంట్లు గింట్లు వద్దు, దోమతెర తెమ్మంది. డబుల్ కాట్ సైజు, పైన రింగు ఉండేది కాదు, నాలుగు మూలలా కట్టేది. నిన్న సాయంత్రం కొన్నాను. నీలం రంగు అయిపోయిందంటే తెల్లది తీసుకున్నాను. రూమ్‌లో ట్రంకు పెట్టె మీద ఉంది, శుక్రవారం బస్సుకు.